ఐరోపా నగరాల్లో ఆటస్థలాల వెంట

ఐరోపా ఖండం అనగానే మనకు ఎత్తయిన గోపురాలున్న పాత దేవాలయాలు, మంచు కొండలు, రాజుల కోటలు గుర్తుకు వస్తాయి. నేడు మన పల్లెల నుండి కూడా పిల్లలు చదువులకనీ, నర్సు ఉద్యోగాలకనీ ఆ దేశాలకు వెళ్తున్నారు. వారిని చూడడానికి తల్లిదండ్రులు వెళ్లి, నెలో రెండు నెలలో ఉండి వస్తున్నారు. పిల్లలు ఉదయమే పనికి వెళ్లిపోతే పెద్దవారికి పొద్దు గడవడం కష్టం. అటువంటి వారి కోసమూ, ఇంటి అరుగు మీద కూర్చునే ఆ ఊళ్లు చూడాలనుకునే వారి కోసమూ ఈ వ్యాసం. అయితే ఈసారి మనం కోటల వైపు వెళ్లడం లేదు. ఆటస్థలాల వైపు వెళ్తున్నాం.

"ఆటస్థలంలో ఏముంది చూడడానికి?" అని పెద్దలు అడగవచ్చు. ఒక ప్రజ ఎవరిని గౌరవిస్తుందో, గెలిచినప్పుడు ఎలా ఉంటుందో, ఓడినవానిని ఎలా చూస్తుందో ఆట దగ్గర తెలిసినంతగా అద్దాల పెట్టెలు పెట్టిన ప్రదర్శనశాలలో తెలియదు. పైగా మన ఇళ్లలో నేడు నలుగుతున్న ఒక ప్రశ్న కూడా ఈ దారిలోనే మనకు ఎదురవుతుంది. మన యౌవనస్థుల క్రికెట్, వాలీబాల్ టోర్నమెంట్లు ఎక్కువగా ఆదివారాల్లోనే పెడుతున్నారు కదా! ఆడనివ్వాలా, వద్దా? ఆ ప్రశ్నను మనసులో ఉంచుకొని బయలుదేరుదాం.

బయలుదేరే ముందు ఒక్క మాట. షెంగెన్ వీసా ఒకటి ఉంటే ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ మొదలైన 29 దేశాల్లో తిరగవచ్చు. అయితే 180 రోజుల వ్యవధిలో 90 రోజులకు మించి ఉండరాదు. ఇంగ్లండ్, స్కాట్లండ్ చూడాలంటే బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి. లండన్ నుండి పారిస్‌కు సముద్రం అడుగున త్రవ్విన సొరంగం గుండా రైలులో దాదాపు రెండుంపావు గంటల ప్రయాణం. ఆ సొరంగ మార్గాన్ని 1994లో తెరిచారు.

రోడ్డు పక్కన ఉచితంగా

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న యాత్రికునికి ఫ్రాన్స్ దేశంలో జరిగే సైకిలు పందెమంత మంచి ఆట మరొకటి లేదు. దాని పేరు టూర్ ద ఫ్రాన్స్. 1903లో మొదలైంది. సాధారణంగా జులై నెలలో మూడు వారాల పాటు, రోజుకొక ఊరి నుండి మరొక ఊరికి, మొత్తం మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. పందెం ప్రజల రోడ్ల మీదనే జరుగుతుంది గనుక దారి పక్కన నిలబడి చూసేవారికి టికెట్ లేదు.

ఆ రోజున పల్లె జనమంతా కుర్చీలు, చాపలు, అన్నం డబ్బాలు పట్టుకొని ఉదయమే వచ్చి కూర్చుంటారు. తాతలు, మనుమలు, పొలం పని మానుకొని వచ్చిన రైతులు అందరూ ఉంటారు. చూస్తే మన తిరునాళ్లే జ్ఞాపకం వస్తాయి. ముందుగా అలంకరించిన బండ్ల వరుస వస్తుంది. వ్యాపార సంస్థలవారు ఆ బండ్ల మీద నుండి టోపీలు, తినుబండారాలు విసురుతూ పోతారు. 1930 నుండి ఈ ఆనవాయితీ ఉంది. తరువాత ఎంతోసేపటికి సైకిళ్లు వస్తాయి. చదునైన నేల మీద అయితే గుంపంతా రెప్పపాటులో దాటిపోతుంది. కొండ ఎక్కే చోట నిలబడితే మాత్రం ఒక్కొక్కరి ముఖం, ఒక్కొక్కరి కష్టం దగ్గరగా చూడవచ్చు.

ఈ పందెంలో ముందున్నవానికి పసుపు పచ్చని చొక్కా ఇస్తారు. అందరికంటె వెనుకనున్నవానికి కూడా ఒక పేరుంది. వానిని "ఎర్ర లాంతరు" అంటారు. రైలు చివరి పెట్టెకు వేలాడదీసే ఎర్ర దీపాన్ని బట్టి వచ్చిన పేరది. వెనుకబడిన వాడు ఊరికే రాలేడు. ఏ రోజుకారోజు గెలిచినవాని సమయాన్ని బట్టి ఒక గడువు పెడతారు. ఆ గడువు దాటి వచ్చినవాడు ఇంటికి పోవలసిందే. కనుక ఎర్ర లాంతరుగా ముగింపు చేరినవాడు కూడా మూడు వారాల పాటు ప్రతి రోజూ గడువును గెలిచినవాడే. కొండదారిన జనం వానికి కూడా చప్పట్లు కొట్టి సాగనంపుతారు. పదవ తరగతిలో మార్కులు తగ్గిన పిల్లవానితో మాట్లాడవలసిన తండ్రి ఒకసారి చూడవలసిన దృశ్యం ఇది.

లండన్‌లో వరుస

లండన్ నగరంలో వింబుల్డన్ టెన్నిస్ పోటీలు 1877 నుండి జరుగుతున్నాయి. గొప్పవారి ఆట అని పేరుంది గాని, సామాన్యునికి కూడా ఒక ద్వారం తెరిచే ఉంచారు. ముందుగా టికెట్ కొననివారు ఆ రోజు వరుసలో నిలబడి లోపలికి వెళ్లవచ్చు. పేరున్న పెద్ద కోర్టుల్లో కూడా రోజూ కొన్ని స్థలాలు ఈ వరుసలోని వారికే ఉంచుతారు. మంచి చోటు కావాలనుకునేవారు ముందు రోజే వచ్చి పార్కులో చిన్న గుడారం వేసుకొని పడుకుంటారు. వచ్చిన ప్రతివారికీ సంఖ్య వేసిన చీటీ ఇస్తారు. ధనవంతుడైనా ఆ వరుసలో తన సంఖ్య వచ్చేదాకా ఆగవలసిందే. మన రేషను దుకాణం దగ్గర, బస్సు తలుపు దగ్గర మనం తోసుకునే తీరు గుర్తుకొచ్చి కొంచెం సిగ్గేస్తుంది.

ఇక్కడే మన ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. రెండు వారాల ఈ పోటీలో మధ్యనున్న ఆదివారం ఆట ఉండేది కాదు. పచ్చిక నేలకు విశ్రాంతి కావాలి, చుట్టుపక్కల ఇళ్లవారికి కూడా కొంత నెమ్మది కావాలి అన్నది అందుకు చెప్పిన కారణం. వర్షాల వలన ఆటలు ఆగిపోయిన 1991, 1997, 2004, 2016 సంవత్సరాల్లో మాత్రమే ఆ ఆదివారం ఆడించారు. 2022 నుండి ఆ సెలవు తీసివేశారు. ఇప్పుడు పధ్నాలుగు రోజులూ ఆటే. గడ్డికి సైతం ఒక రోజు విశ్రాంతి అవసరమని ఎరిగిన చోటనే ఆ విశ్రాంతి పోయింది.

పారిస్ శివారులో ఒక పాత స్టేడియం

పారిస్ వెళ్లినవారు ఈఫెల్ గోపురం చూడక మానరు. మనం మాత్రం సెయింట్ లజార్ రైల్వే స్టేషనులో లోకల్ రైలు ఎక్కి, వాయవ్య దిక్కున ఉన్న కొలంబ్ అనే శివారు పట్టణానికి వెళ్దాం. అక్కడి స్టేడియంలోనే 1924 ఒలింపిక్ క్రీడల పరుగు పందాలు జరిగాయి. 1938లో ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు చివరి ఆట కూడా ఇక్కడే జరిగింది.

1924లో ఈ నేల మీద పరుగెత్తిన స్కాట్లండ్ యువకుడు ఎరిక్ లిడెల్ గారు. ఆయన తల్లిదండ్రులు చైనాలో మిషనరీలు. ఆయన కూడా 1902లో చైనాలోని తియన్‌జిన్ పట్టణంలోనే పుట్టారు. వారిని పంపినది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించినదీ, తరువాత కడప ప్రాంతంలో సేవ చేసినదీ ఆ సంస్థే గనుక తెలుగు సంఘాలకు ఆ పేరు కొత్తది కాదు.

లిడెల్ గారికి బాగా అలవాటైనది 100 మీటర్ల పరుగు. ఆ పందెపు తొలి వరుసలు 1924 జులై 6న, ఆదివారం పెట్టారు. ఆయన పరుగెత్తనన్నారు. ఓడలో ప్రయాణిస్తూ ఉండగా ఈ సంగతి ఆయనకు తెలిసినట్లు 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్ అనే సినిమాలో చూపించారు. వాస్తవానికి ఆయనకు నెలల ముందే తెలుసు. అది ఒక్క క్షణంలో వచ్చిన ఆవేశం కాదు, నింపాదిగా తీసుకున్న నిర్ణయం. పత్రికలు విమర్శించాయి. ఆయన వాదించలేదు, 400 మీటర్ల పరుగుకు సాధన మొదలుపెట్టారు. ఆదివారం జరిగే రిలే పందాలు కూడా వదులుకున్నారు. ఒలింపిక్ రోజుల్లో పారిస్‌లోని స్కాట్లండ్ వారి దేవాలయంలో ప్రసంగించారు.

200 మీటర్లలో ఆయనకు కాంస్య పతకం వచ్చింది. జులై 11, శుక్రవారం నాడు 400 మీటర్ల చివరి పరుగు. ఆయనకు అన్నిటికంటె వెలుపలి గీత వచ్చింది. అక్కడ పరుగెత్తేవానికి ప్రక్కవారు కనబడరు. వెనుక ఎవరున్నారో చూడకుండా మొదటి నుండే పూర్తి వేగంతో పరుగెత్తి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచారు.

ఈ స్టేడియానికి మన దేశంతో కూడా బంధం ఉంది. సరిగ్గా నూరేళ్లకు, 2024 ఒలింపిక్స్‌లో హాకీ పోటీలు ఇక్కడే జరిగాయి. ఆగస్టు 8న భారత జట్టు స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం గెలిచింది. రెండు గోల్స్ కొట్టినవాడు హర్మన్‌ప్రీత్ సింగ్. గోలు కాపాడిన శ్రీజేష్‌కు అదే ఆఖరి ఆట.

బెర్లిన్‌లో ఇద్దరు స్నేహితులు

జర్మనీ రాజధాని బెర్లిన్‌లో 1936 ఒలింపిక్స్ జరిగిన రాతి స్టేడియం నేటికీ ఉంది. ఆటలు లేని రోజుల్లో టికెట్ కొని లోపల తిరిగి చూడవచ్చు. తమ జాతే గొప్పదని లోకానికి చాటుకోవడానికి హిట్లర్ ప్రభుత్వం ఆ క్రీడలను వాడుకోవాలనుకుంది. కాని అక్కడ నాలుగు స్వర్ణాలు గెలిచినవాడు జెస్సీ ఓవెన్స్ అనే నల్లజాతి అమెరికన్. అలబామాలో ఒక కౌలు రైతు ఇంట పదిమంది పిల్లల్లో కడగొట్టువాడు.

లాంగ్ జంప్‌లో ఆయనకు గట్టి పోటీ ఇచ్చినవాడు జర్మనీ యువకుడు లుజ్ లాంగ్. ఓవెన్స్ 8.06 మీటర్లు, లాంగ్ 7.87 మీటర్లు దూకారు. తొలి దశలో తడబడుతున్న ఓవెన్స్‌కు లాంగ్ సలహా ఇచ్చాడని ఒక కథ చెబుతారు. అది నిజం కాకపోవచ్చునని పరిశోధకులు అంటున్నారు. కాని ఓడిపోయిన లాంగ్ హిట్లర్ ప్రభుత్వపు పెద్దల కళ్లెదుటే ముందుగా వెళ్లి ఓవెన్స్‌ను అభినందించడం మాత్రం నిజం. ఇద్దరూ చేయి చేయి కలిపి నడిచారు. తరువాత యుద్ధంలో సైనికునిగా వెళ్లిన లాంగ్ 1943లో సిసిలీలో గాయపడి మరణించాడు. స్టేడియం దగ్గరి ఒక వీధికి 1984లో ఓవెన్స్ పేరు పెట్టారు. ఒకప్పుడు ఆయన జాతిని చులకన చేసిన నగరమే నేడు తన చిరునామాల్లో ఆయన పేరు వ్రాసుకుంటోంది. ఆ క్రీడల్లోనే ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ నాయకత్వంలో మన హాకీ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. మన స్వాతంత్ర్యానికి సరిగ్గా 11 ఏళ్ల ముందు.

ఎడిన్‌బరోలో ఒక నాలుగు రోడ్ల కూడలి

చివరిగా స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో వెళ్దాం. స్వర్ణం గెలిచిన కొద్ది రోజులకే లిడెల్ గారు ఇక్కడి విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నారు. విద్యార్థులు ఆయనను భుజాల మీద ఊరేగించారు. మరుసటి సంవత్సరం, 1925లో, ఆయన ఆ కీర్తినంతా విడిచి చైనాలో ఉపాధ్యాయునిగా, మిషనరీగా పని చేయడానికి వెళ్లిపోయారు. నగరంలో "పవిత్ర కూడలి" అని పిలిచే చోట, ఒక పాత చర్చి కట్టడంలో, ఆయన పేరిట ఒక సేవాసంస్థ నడుస్తోంది. మతిమరుపు వ్యాధితో ఉన్న వృద్ధులనూ, వారిని చూసుకునే ఇంటివారినీ అక్కడ ఆదుకుంటారు. పతకం గెలిచినవానికి ఇంతకంటె మంచి జ్ఞాపక చిహ్నం ఏముంటుంది?

ఇక మన ప్రశ్న. ఆదివారం పరుగెత్తని లిడెల్ గారి కథ చాలామందికి తెలుసు. తరువాత జరిగినది అంతగా తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను వారు ఆయనను చైనాలోని వైషియన్ నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు అనేకులు ఉన్నారు. వారికి ఆయన పాఠాలు చెప్పేవారు, ఆటలు ఆడించేవారు. ఆదివారాల్లో మాత్రం ఆడించేవారు కారు. ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ మొదలుపెట్టి, తీర్పు చెప్పేవారు లేక కొట్టుకున్నారు. తరువాతి ఆదివారం లిడెల్ గారే వచ్చి మైదానంలో నిలబడి ఆట నడిపించారని శిబిరంలో ఉన్నవారు చెప్పారు. 1945 ఫిబ్రవరి 21న మెదడులోని కంతి వలన ఆ శిబిరంలోనే ఆయన కన్నుమూశారు.

తన పతకం కోసం ఆయన ఆదివారాన్ని విడిచిపెట్టలేదు. పిల్లల కోసం మాత్రం విడిచిపెట్టారు. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులు. ఈ రెంటికీ మధ్యనున్న తేడా గ్రహిస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే. మిగతా సగం ఏ ఇంటివారు ఆ ఇంట్లో, తమ పిల్లలతో కోపం లేకుండా కూర్చుని వెదకవలసినది. "వద్దు" అని ఒక్క మాటతో తలుపు వేయకుండా, "నీవు ఎవరి కోసం ఆడుతున్నావు బాబూ?" అని అడిగి, వాడు చెప్పేది పూర్తిగా వినండి. వీలైతే టోర్నమెంటు పెట్టే ఊరి పెద్దలను కలిసి, ఆటను శనివారానికో, ఆదివారం సాయంకాలానికో మార్చమని అడిగి చూడండి. ఆ రోజు మైదానం గట్టున మీరు కూడా కూర్చోండి. మీ వాడు ఓడినా, ఎర్ర లాంతరై చివర వచ్చినా, చప్పట్లు కొట్టడం మరువకండి.