మీకు తెలుసా? ఎర్ర సిరాతో ఎత్తిపొడుపు

నిఘంటువులు రాసేవాళ్లంటే తలవంచుకుని తమ పని తాము చేసుకునే నెమ్మదస్తులని అనుకుంటాం. మధ్యయుగపు అరబ్బీ నిఘంటుకారులు మాత్రం ఒకరి తప్పులు ఒకరు ఏరుతూ, పద్యాలు కట్టి మరీ తిట్టుకున్నారని తెలుసా?

అరబ్బీలో తొలి నిఘంటువు 'కితాబ్ అల్-ఐన్'. 8వ శతాబ్దంలో బస్రా పండితుడు ఖలీల్ దీనికి రూపం ఇచ్చాడు. గొంతు లోతుల్లోంచి పలికే అక్షరాలతో మొదలై పెదవుల దాకా సాగే వరస దానిది. తర్వాత ఇబ్న్ దురైద్ (మరణం 933) 'జమ్‌హరా' అనే నిఘంటువు కూర్చాడు. అది ఖలీల్ సొత్తేననీ, కాస్త అటూ ఇటూ మార్చి తన పేరు పెట్టుకున్నాడనీ బాగ్దాద్ వ్యాకర్త నిఫ్తవైహ్ పద్యంలో ఎద్దేవా చేశాడు. ఇబ్న్ దురైద్ అసలే కవి, ఊరుకుంటాడా? నిఫ్తవైహ్ పేరునే రెండు ముక్కలుగా విరిచి తిట్టుపద్యం చెప్పాడు. నిజానికి జమ్‌హరా వరస వేరు, అది మామూలు అక్షరమాలదే.

గొడవ అక్కడితో ఆగలేదు. హేరాత్‌కు చెందిన అజ్‌హరీ (895-980) హజ్ నుంచి తిరిగొస్తూ ఖర్మాతీలనే తిరుగుబాటు వర్గానికి బందీగా చిక్కాడు. ఎడారి తెగల మధ్య గడిపిన ఆ చెరలోనే వాళ్ల నోటి మాటను దగ్గరగా విన్నాడు. తన నిఘంటువు 'తహ్‌జీబ్' ముందుమాటలో ఇబ్న్ దురైద్ లేని మాటలు పుట్టిస్తాడనీ, తాను వెళ్లినప్పుడు తాగి ఉన్నాడనీ రాసిపెట్టాడు. అతను నమ్మదగినవాడు కాడనడానికి సాక్షిగా ఎవరిని చూపాడనుకున్నారు? నిఫ్తవైహ్‌నే! ఈ తీర్పును కాస్త తగ్గించి పుచ్చుకోవడమే న్యాయం.

1290లో 'లిసాన్ అల్-అరబ్' నిఘంటువు ముగించిన ఇబ్న్ మంజూర్ తెలివైనవాడు. అయిదు పాత గ్రంథాలను కలిపి, ఒప్పయినా తప్పయినా ఆ పాతవాళ్లదేనని ముందుమాటలోనే చేతులు దులిపేసుకున్నాడు.

ఫీరోజాబాదీ (1329-1415) అలా కాదు. జౌహరీ రాసిన పేరుమోసిన నిఘంటువు 'సిహాహ్'లో లేని మాటలన్నిటినీ తన 'ఖామూస్'లో ఎర్ర సిరాతో రాశాడు, ఎవరెంత వదిలేశారో పాఠకుడికి కొట్టొచ్చినట్టు కనబడాలని. ఆ ఖామూస్‌కే మన ఉత్తరప్రదేశ్‌లోని బిల్‌గ్రామ్‌లో పుట్టిన ముర్తజా జబీదీ 18వ శతాబ్దంలో కైరోలో కూర్చుని, వదిలేసినవి చేరుస్తూ పెద్ద వ్యాఖ్యానం రాశాడు. 19వ శతాబ్దంలో లెబనాన్ రచయిత అహ్మద్ ఫారిస్ షిద్యాక్ ఏకంగా ఖామూస్ లోపాల మీదే ఓ పుస్తకం ఇస్తాంబుల్‌లో అచ్చువేశాడు. దాని పేరు 'ఖామూస్ మీద గూఢచారి'.