పుదుచ్చేరిలో గుడికో చర్చికో సొంత టీవీ టవర్ ఎందుకు ఉండదు?

అమెరికాలో 1982 నుంచి తక్కువ శక్తి టీవీ స్టేషన్లకు లైసెన్సులు ఇస్తున్నారు. అక్కడ చిన్న టవర్‌తో మతపరమైన ప్రసారాలు చేసే సంస్థలు చాలానే ఉన్నాయి. పుదుచ్చేరిలో అది కుదరదు. మన దేశంలో టవర్ల ద్వారా టీవీ ప్రసారాలు చేసేది దూరదర్శన్ ఒక్కటే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, ప్రైవేటు సంస్థలకు ఆ దారి తెరుచుకోలేదు.

టీటీడీకి 2008 నుంచి ఉపగ్రహ ఛానల్ ఉంది. చిన్న గుడికి, చర్చికి అంత స్తోమత ఎక్కడిది? ఇక మిగిలింది యూట్యూబ్, లేదంటే కేబుల్ సంస్థ నడిపే స్థానిక ఛానల్. ఇలాంటి ఛానళ్లకు కేంద్రం 2022 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటిని రిజిస్టర్ చేయించాలి, మొత్తం ఛానళ్లలో 5 శాతానికి మించకూడదు. మతాలపై దాడి చేసే కార్యక్రమాలను 1994 కేబుల్ నిబంధనలు నిషేధించాయి.

అంటే టీవీలో ఏ ఉత్సవం, ఏ ప్రార్థన రావాలో ముందుగా తేల్చేది కేబుల్ సంస్థే. ఆ కనెక్షన్ లేని ఇంటికి ఆ ఛానల్ అందదు.