ఆ పాలు త్రాగవద్దని ఎవరూ చెప్పలేదు

"నల్లమలలో యురేనియం తవ్వితే మన బోర్లకు ఏమవుతుంది, హజ్రత్?" అని మార్కాపురంలో ఒక విద్యార్థి నన్ను అడిగాడు. నల్లమల ఉత్తరపు కొసన అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణకు ప్రతిపాదన వచ్చినప్పుడు, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానించింది. భయం మాత్రం కొండకు ఈవల మన పల్లెలలో మిగిలిపోయింది. తవ్వకం వేరు, రియాక్టరు పేలుడు వేరు. రెండింటినీ కలిపి భయపెట్టడం న్యాయం కాదు. అయినా ఆ బాలునికి నేను చెర్నోబిల్ సంగతే చెప్పాను. కంటికి కనబడని విషం ఇంటిలోనికి ఎలా వస్తుందో అక్కడ తెలుస్తుంది.

1986 ఏప్రిల్ 26 వేకువజామున, నాటి సోవియట్ యూనియన్‌లోని ఉక్రెయిన్‌లో, చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రపు నాల్గవ రియాక్టరు పేలింది. ఆ రోజు శనివారం. దగ్గరలోని ప్రిప్యాత్ పట్టణంలో పిల్లలు యథాప్రకారం బడికి వెళ్లారు. మరునాటి మధ్యాహ్నం గాని ఊరు ఖాళీ చేయించలేదు. మూడు రోజులలో తిరిగి వస్తామనుకొని బస్సులెక్కిన సుమారు 49,000 మంది మళ్లీ ఆ ఇండ్లలో కాపురం చేయలేదు. సమీపంలోని దేవదారు జాతి అడవి మాడి ఎర్రబారింది.

ధూళి గడ్డిపై పడింది. గడ్డిని ఆవు మేసింది, దాని పాలను బిడ్డ త్రాగాడు. పాలలోని అయోడిన్-131 మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. పసివారి గ్రంథి చిన్నది, కనుక దెబ్బ పెద్దది. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకు సగమైపోతుంది. కొన్ని వారాలు ఆ పాలు మాన్పించి ఉంటే ఎందరో పిల్లలు తప్పించుకునేవారు. పల్లెలలోని తల్లులకు ఆ మాట సకాలంలో అందలేదు. నాటి బాలబాలికలలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ కాన్సర్లు బయటపడ్డాయి. చికిత్స వలన అత్యధికులు బ్రతికారు, అల్లాహ్ దయ. నేలలో చేరిన సీజియం-137 సగం కావడానికి మాత్రం 30 ఏండ్లు.

చెప్పకుండా దాచిన మాట ఏం చేస్తుందో పశ్చిమ ప్రకాశానికి వేరుగా బోధించనక్కరలేదు. బోరు నీటిలోని ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. వుజూకు పనికివచ్చే నీరు త్రాగడానికి పనికిరాకపోవచ్చునని మన పెద్దలకు తెలియదు. పండ్లపై గారలు, వంగిన నడుములు చూశాకే తెలిసింది. తెలిసినవారి వద్ద ఆ సమాచారం అమానత్.

బోరు నీరు పరీక్షించినప్పుడు ఫలితం కార్యాలయపు బీరువాలో కాదు, సచివాలయం గోడపై తెలుగులో ఉండాలి. చదువురాని వారికోసం జుమా నమాజు తరువాత మసీదు మైకులో వినిపించడానికి రెండు నిమిషాలు చాలు.