దూరము ఎక్కువ, కాలము తక్కువ

గోదావరిలో పడవ నడపు సరంగునకు దూరమొక్కటి తెలిసిన చాలదు, ఏటివాలు తెలియవలెను. భద్రాచలమునుండి రాజమహేంద్రవరమునకు వాలున దిగిన పడవయే మరల ఎగువకు పోవలెనన్న, దారి అదియే యైనను, ప్రయాణకాలము పెరుగును. ఆకాశయానమందును ఇదే న్యాయము వర్తించుచున్నది. ఢిల్లీనుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు విమానమును ఉదాహరణముగా తీసికొందము.

భూగోళపు బొమ్మపై ఈ రెండు నగరములను కలిపి ఒక దారమును బిగించి పట్టినచో, అది సైబీరియామీదుగా ఉత్తర ధ్రువ సముద్రమును చేరి, అలాస్కా, కెనడాలమీదుగా క్రిందికి దిగును. ఇదియే మిక్కిలి దగ్గరి దారి. సుమారు 12,400 కిలోమీటర్లు. కాని విమానములు ఎల్లప్పుడును దారము వెంట పోవు.

2015 డిసెంబరులో ఎయిరిండియా సంస్థ ఈ నగరముల నడుమ ఎచ్చటను ఆగని విమానమును ప్రారంభించినది. మొదట అది పడమరగా అట్లాంటిక్ సముద్రముమీదుగా పోయెడిది. దూరము దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా పసిఫిక్ సముద్రముమీదుగా నడపిరి. ఈ దారి 15,300 కిలోమీటర్లు. పదునాలుగు వందల కిలోమీటర్లు పెరిగినను, ప్రయాణము పదునాలుగున్నర గంటలలో ముగిసినది. మునుపటికంటె దాదాపు రెండు గంటలు తగ్గినది!

దీనికి కారణము గాలి. ఉష్ణమండలపు వేడిమికిని ధ్రువప్రాంతపు చలికిని గల భేదమువలనను, భూభ్రమణము వలనను, పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు వాయుప్రవాహము లేర్పడుచున్నవి. వాని వేగము తరచుగా గంటకు 150 కిలోమీటర్లను మించును. విమానము గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోవుననుకొందము. గాలివాలున దానికి 150 కలియును. ఎదురుగాలిలో అంత తగ్గును. పసిఫిక్ దారి లెక్క కట్టి చూడుడు: గంటకు 1,050 కిలోమీటర్లకు పైగా తేలును.

భూమి తిరుగుచున్నది గదా, విమానము ఆకసమున నిలిచియున్న చాలదా యని కొందరడుగుదురు. చాలదు. భూమితోపాటు దాని చుట్టునున్న గాలియు తిరుగుచునే యున్నది. మనకు తోడ్పడునది ఆ గాలిలోని ప్రవాహమే.

గడియారము చేయు వింత మరియొకటి. శీతకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో కాలము మనకంటె పదుమూడున్నర గంటలు వెనుక. ఢిల్లీలో తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరినవారు పదునాలుగున్నర గంటలు ప్రయాణించి, అచ్చట అదే తేదీన ఉదయము అయిదు గంటలకు దిగుదురు. కాగితముపై ఒక్క గంట. కాళ్ళవాపు మాత్రము పదునాలుగున్నర గంటలది!

ఆ తీరమున నివసించు తెలుగు కుటుంబములు పెక్కు గలవు. కూతురి పురుటికని కదలి కూర్చుండలేని వయసున బయలుదేరు తల్లికి రెండు గంటల తగ్గుదల అల్పము కాదు. కనుక దూరప్రయాణమునకు సిద్ధపడునపుడు ఎన్ని కిలోమీటర్లని మాత్రమే అడుగక, ఏ దిక్కుగా పోవుదుము, ఎన్ని గంటలు పట్టునని కూడ అడుగుదము. ఏటివాలు నెరిగిన సరంగు మనకు నేర్పు పాఠమిదియే.