‘పింకర్టన్’ను తిట్టినవాళ్లు, గుండెకు హత్తుకున్నవాళ్లు

మన సినిమావాళ్లు భయపడే ద్వితీయ విఘ్నం అమెరికా రాక్ బ్యాండ్లనూ వదల్లేదు. లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ల బృందం వీజర్ 1994లో తొలి ఆల్బమ్‌తోనే లక్షల కాపీలు అమ్మింది. హుషారైన బాణీలు, నున్నటి రికార్డింగ్.

1996లో వచ్చిన రెండోది, ‘పింకర్టన్’, అలా లేదు. గాయకుడు రివర్స్ క్వోమో హార్వర్డ్‌లో చదువుతూ, కాలి ఆపరేషన్ తర్వాత ఒంటరిగా గడిపిన రోజుల ఛాయ ఆ పాటల నిండా ఉంది. గిటార్ల మోత గరుకు. మాటల్లో దాచుకోని దిగులు. రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దాన్ని ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో మూడోదిగా ఎంచారు.

కొందరు కుర్రాళ్లకు మాత్రం అది ప్రాణమైంది. ఆ గరుకుదనమే నిజాయితీ అన్నారు. వాళ్ల మాటే సబబు. పంక్ మోతకు మనసులోని గోడు కలిపే ఎమో బృందాలెన్నో తర్వాత ఆ దారి పట్టాయి. 2004లో అదే పత్రిక దానికి అయిదు నక్షత్రాలు ఇచ్చింది.