కూతలోని వివేకం

చెడుగుడును కండబలపు ఆటగా మాత్రమే తలచేవారు పెక్కుమంది. చిత్తూరు జిల్లాలోని ఏ పాఠశాల మైదానంలోనైనా కూత వినిపిస్తే మనకు తోచేది ఊపిరి, ఒడుపు. వానికి మించినది మరొకటున్నది: అది నిర్ణయం.

1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకపు ఆటగా చేరిన ఈ కబడ్డీ నియమాలనే చూడండి. కూతకు గడువు 30 సెకన్లు. పురుషుల కోర్టులో మధ్యగీతకు 3.75 మీటర్ల దూరాన బాక్ లైను. మరొక మీటరు ఆవల బోనస్ లైను. ఎదుట ఆరుగురైనా ఉంటేనే బోనస్. మూలనున్నవాడు వెనుకకు జరిగితే బోనస్ లైను అందుతుంది. కాలు పట్టడానికి ముందుకు వంగితే వానినే తాకి రావచ్చు. అందరూ చుట్టుముట్టజూస్తే బాక్ లైను దాటి మరలడమే మేలు.

అమెరికా ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్‌లో ‘ఆప్షన్’ అనే పద్ధతి ఉన్నది. ప్రత్యర్థులలో ఒకనిని కావాలనే అడ్డగించక విడిచిపెడతారు. వాడు ఎటు కదులుతాడో చూసి, బంతితో తానే పరుగెత్తడమో, తోటివానికి అందించడమో జట్టు సారథి అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. ఆట వేరైనా నీతి ఒక్కటే. ఎదుటివాని అడుగు ప్రశ్న. మన అడుగు జవాబు.

ఆ జవాబును ముందుగా వల్లెవేయించలేము. గీత వెలుపల నిలిచి “తాకు”, “వచ్చేయ్” అని కేకలు వేసే ఉపాధ్యాయుడు ఒక పాయింటు గెలిపించవచ్చు. కాని బాలుని చూపును మొద్దుబరుస్తాడు. సాధనలో అన్నీ నేర్పి, కూతవేళ మౌనం వహించేవాడే గురువు. ఆ 30 సెకన్లు విద్యార్థి సొత్తు. తరగతి గదిలోనూ అట్టి కొన్ని క్షణాలు వానికి మిగల్చవద్దా?