పేరు హంసలదీవి, టెంట్ రొయ్యల చెరువు గట్టు మీద

ఇవాళ్టి ఎపిసోడ్ క్యాంపింగ్ సైట్ల పేర్ల గురించి. టెంట్లు వేసే చోట్లు, కారవాన్ పెట్టుకునే చోట్లు, వీకెండ్ ఫామ్‌స్టేలు, వీటి పేర్లలో ఒక ఊరు ఉంటుంది కదా, ఆ చోటు నిజంగా ఆ ఊళ్లోనే ఉందా అన్నదే విషయం. వినడానికి చాలా చిన్న సంగతిలా ఉంటుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

మాది గుడివాడ. బీటెక్ అయ్యాక, ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు, ఐదేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అంటే కృష్ణా జిల్లా నాకు కొత్త కాదు. అయినా బోల్తా పడ్డాను. పోయిన చలికాలం పాత ఆఫీసు ఫ్రెండ్స్ ముగ్గురితో దివిసీమ వెళ్దామని ఆన్‌లైన్‌లో ఒక క్యాంప్ బుక్ చేశాను. పేరులో హంసలదీవి ఉంది, బీచ్ ఉంది. మొదటి ఫొటోలో సూర్యోదయం, అలలు. ఆ సైట్ పేరు చెప్పను, ఇలాంటివి అదొక్కటే కాదు. అవనిగడ్డ దాటాం, కోడూరు ఇంకా రాలేదు, మ్యాప్ పక్కకి తిరగమంది. మట్టి రోడ్డు, రెండు వైపులా రొయ్యల చెరువులు, చివర గట్టు మీద ఆరు టెంట్లు. సముద్రం ఏదీ అని అడిగితే అక్కడి కుర్రాడు "కారులో అరగంటే అన్నా" అన్నాడు. రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు. కళ్లు మూసుకుని అలల చప్పుడే అనుకోండ్రా అన్నాడు మావాడొకడు.

అక్కడిదాకా నవ్వుకున్నాం. రాత్రి పదకొండు దాటాక ఒక ఫ్రెండ్ కాలికి ఏదో కుట్టింది. తేలో పామో చీకట్లో కనపడలేదు. 108కి ఫోన్ చేశాను. ఎక్కడున్నారని అడిగితే బుకింగ్‌లో ఉన్న పేరే చెప్పాను. అంబులెన్స్ నేరుగా బీచ్ దాకా వెళ్లిపోయింది. డ్రైవర్ గారు ఫోన్ చేసి "ఇక్కడ ఎవరూ లేరండి, మీరున్నది ఏ పంచాయతీ?" అన్నారు. మా నలుగురిలో ఒక్కడికీ తెలీదు. క్యాంప్ కుర్రాడు సాయంత్రమే ఇంటికెళ్లిపోయాడు. మా కంగారు చూసి పక్క చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దాయన టార్చిలైటు వేసుకుని వచ్చారు. ఫోన్ ఆయనకిచ్చాను. "అంత దూరం ఎందుకెళ్లారు బాబూ, ఎనక్కి రండి, పంపుషెడ్డు కాడ నేను లైటు పట్టుకుని నిలబడతా" అని, ఊరి పేరు చెప్పి, రెండు ముక్కల్లో తేల్చేశారు. కుట్టింది తేలే. అవనిగడ్డలో ఇంజెక్షన్ చేసి, తెల్లారాక పంపించేశారు. కానీ ముప్పావుగంట పోయింది. అదే కట్లపాము అయ్యుంటే ఆ ముప్పావుగంట ఖరీదు ఎంతో నేను చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి ఈ పేర్ల వెంట పడ్డాను.

(స్క్రీన్ మీద మ్యాప్) ముందు హంసలదీవినే తీసుకుందాం, ఎందుకంటే ఇక్కడ తిరకాసు క్యాంపు వాళ్లతో మొదలవ్వలేదు. హంసలదీవి ఒక ఊరు, వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఊరు. మనమంతా హంసలదీవి బీచ్ అనేది ఆ ఊళ్లో లేదు. ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ముందుకెళ్తే, పాలకాయతిప్ప దగ్గర ఉంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే సాగరసంగమం అక్కడి నుంచి కూడా ఇంకా ముందుకి. అంటే ఒక్క పేరు కింద మూడు చోట్లు. స్థానికులకి గందరగోళం ఏమీ లేదు, వాళ్లు మూడింటినీ మూడు పేర్లతోనే పిలుస్తారు. అక్కడి మెరైన్ పోలీస్ స్టేషన్ పేరు కూడా పాలకాయతిప్పే. ఎవరైనా అలల్లో కొట్టుకుపోతుంటే ముందు దిగేది వాళ్లే. ఫోన్‌లో చెప్పాల్సిన పేరు అదన్నమాట.

ఇప్పుడు కోడూరు. హంసలదీవి ఉన్నది కృష్ణా జిల్లా కోడూరు మండలంలో. కానీ కోడూరు బీచ్ అని వెతికితే మీకు దొరికేది నెల్లూరు జిల్లాలోది. రాయలసీమలో ఇంకో కోడూరు ఉంది, రైల్వే కోడూరు, దానికి సముద్రమే లేదు. దిండి కూడా అంతే. రిసార్టుల దిండి కోనసీమలో, దిండి ప్రాజెక్టు తెలంగాణలో, ఫిషింగ్ హార్బర్ ఉన్న గిలకలదిండి మన మచిలీపట్నం పక్కన. బుకింగ్‌లో జిల్లా, మండలం లేకుండా పేరొక్కటే ఉంటే ఎక్కడికి డబ్బు కట్టారో మీకే తెలీదు.

పేరుకీ చోటుకీ తేడా ఉన్న ప్రతిదీ మోసం అనడం లేదు నేను. విజయవాడలో బందరు రోడ్డు ఉంది, బందరు అక్కడికి 70 కిలోమీటర్ల దూరం. దాన్నెవరూ మోసం అనరు, ఆ రోడ్డు బందరు వెళ్తుంది కాబట్టి. అది దారి చూపించే పేరు. ఎన్టీఆర్ జిల్లా అని 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, ఎన్టీఆర్ గారు పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. అది గౌరవానికి పెట్టిన పేరు, అడ్రస్ కాదు. అదే రోజు కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, దాంతో కొల్లేరు పక్కన పాత లిస్టింగులు కొన్ని కృష్ణా జిల్లా అనే చెప్తుంటాయి. అది బద్ధకం. నాకు కోపం వచ్చేది నాలుగో రకం మీద: ఇక్కడే ఉన్నాం అని చెప్పి అక్కడ లేకపోవడం.

ఇది ఎలా సాగుతుందో లోపలి నుంచి చెప్తాను, ఉద్యోగంలో కొంతకాలం ఇలాంటి అడ్రస్ డేటా శుభ్రం చేసే పని నాదే. మామూలుగా ఒక లిస్టింగ్‌లో మూడు ముక్కలు ఉంటాయి. పేరు ఓనర్ ఇష్టం. అడ్రస్ ఓనర్ టైప్ చేసింది. మ్యాప్ పిన్ ఓనర్ వేలితో జరిపింది. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూసే ఓపిక చాలాచోట్ల ఎవరికీ ఉండదు. జనం వెతికేది "హంసలదీవి" అని కాబట్టి ఆ మాట పేరులో ఉన్నవాడే పైకి వస్తాడు. నిజం పేరు పెట్టుకున్న పక్కవాడు పదో పేజీలో ఉంటాడు. వాడు మాత్రం ఎన్నాళ్లు ఆగుతాడు, వచ్చే సీజన్‌కి వాడూ మార్చేస్తాడు.

"బీచ్‌కి 6 కి.మీ." అని రాస్తారే, అది చాలాసార్లు రెండు పిన్‌ల మధ్య గీసిన సరళరేఖ. కాకి ఎగిరే దూరం. మెట్ట ప్రాంతంలో ఆరు అంటే రోడ్డు మీద ఏడో ఎనిమిదో అవుతుంది. డెల్టాలో అలా కాదు. మధ్యలో పాయ ఉంటుంది, డ్రెయిన్ ఉంటుంది, వంతెన ఎక్కడో ఉంటుంది. సంగమం దగ్గర నిలబడితే అవతలి ఒడ్డు రేపల్లె వైపు. కంటికి దగ్గరే. కారులో వెళ్లాలంటే మాత్రం పైకి వచ్చి పులిగడ్డ దగ్గర పెనుమూడి వంతెన దాటి మళ్లీ కిందికి దిగాలి. నాగాయలంక నుంచి ఎదురుమొండి దీవికి జనం ఏళ్ల తరబడి పంటు మీదే దాటారు. పంటుకి వేళ ఉంటుంది, గాలికి ఆగిపోతుంది. మ్యాప్‌లో గీతకి ఆ బాధ లేదు.

పిన్ గురించి ఇంకో మాట. అక్షాంశం ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత రెండంకెలే ఇస్తే ఒక గడి కిలోమీటరు పైనే, మూడిస్తే 110 మీటర్లు, నాలుగిస్తే 11 మీటర్లు. కాబట్టి ఓనర్ పంపిన నంబరులో రెండంకెలే ఉంటే అది చోటు కాదు, పేట.

ఇక నాకు బాగా నచ్చిన విషయం. మన వైపు పాత ఊరి పేర్లే నేల ఎలాంటిదో చెప్తాయి. లంక అంటే నది మేట వేసిన నేల, వరదొస్తే ముందు తడిసేది. దిబ్బ, తిప్ప అంటే చుట్టూ పల్లం, మధ్యలో కాస్త మెరక. దీవి అంటే చెప్పక్కర్లేదు. పల్లెపాలెం అంటే వేటకి వెళ్లేవాళ్ల ఊరు, సముద్రమో పాయో దగ్గర్లో ఉన్నట్టే. టెంట్ వేసేవాడికి ఇంతకన్నా సమాచారం ఏం కావాలి? ఆ పేరు తీసేసి మినీ గోవా అనో, ఆంధ్రా మాల్దీవ్స్ అనో పెడితే నేల సంగతి చెప్పే ఒక్క ముక్కా పోయింది. మంగినపూడి చూడండి, మచిలీపట్నం నుంచి 11 కిలోమీటర్లు ఉంటుంది, నల్లమట్టి తీరానికి పేరు. లిస్టింగ్‌లో మంగినపూడి అని రాసి, ఫొటోలో తెల్లటి ఇసుక మెరుస్తుంటే ఆ ఫొటో ఎక్కడిదో ఓనర్‌నే అడగండి.

కారవాన్ వేసుకుని వచ్చేవాళ్లకి ఇది డబ్బుల విషయం కూడా. కేరళ 2021లో కారవాన్ టూరిజం మొదలుపెట్టాక మన దగ్గరా ఆ సరదా పెరిగింది. కానీ కరకట్ట మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తే కారుకే చోటు చాలదు, కారవాన్ ఎక్కడ తిప్పుతారు? వాన పడ్డ నల్లమట్టిలో చక్రం దిగితే లాగడానికి ఆ ట్రాక్టరే కావాలి. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు, ట్యాంకులో పట్టుకోవడానికి పనికిరావు. ఊరి పేరు సరిగ్గా తెలిస్తే ఈ మూడూ ముందే ఒక ఫోన్‌కాల్‌లో తెలుసుకోవచ్చు.

తుఫాను సంగతి చివరకి ఉంచాను. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మా ఇళ్లల్లో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. అధికారిక లెక్కే 10,000 దాకా. నాగాయలంక మండలం సొర్లగొంది లాంటి ఊళ్లు ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో గుర్తుండే ఉంటుంది. కానీ కింద ఖాళీ చేయించేది మండలం పేరుతో, ఊరి పేరుతో. నేనున్నది ఏ మండలమో నాకే తెలియకపోతే ఆ మెసేజ్ నాకోసమని నాకెలా తెలుస్తుంది?

ఫిర్యాదు చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకి ఉంది. హెల్ప్‌లైన్ 1915. నా అభిప్రాయం అడిగితే, పేరొక్కటీ పట్టుకుని పోరాడితే "అది మా బ్రాండ్ పేరండి" అని తప్పించుకుంటారు. పేరుతో పాటు దూరం, ఫొటో, పిన్ మూడూ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి, అవి తప్పించుకోలేరు.

ఇప్పుడు నేను బుక్ చేసే ముందు ఓనర్‌కి ఒకే మెసేజ్ పెడతాను: "మీది ఏ పంచాయతీ, ఏ మండలం? లైవ్ లొకేషన్ పంపండి. బీచ్‌కి రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు? రాత్రి అక్కడ మీ మనిషి ఉంటారా?" తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా అడుగుతున్నాను. పది అక్షరాల కోడ్, దాదాపు నాలుగు మీటర్ల గడి దాకా చెప్తుంది. బదులు రాకపోతే వదిలేస్తాను. దిగాక ఊరి పేరు, మండలం ఒక కాగితం మీద రాసి టెంట్ లోపల అంటిస్తాను. మా వాళ్లు నవ్వుతారు. తేలు కుట్టినవాడు మాత్రం నవ్వడు.

ఆ కాపలా పెద్దాయన్ని మళ్లీ వెళ్లి కలిశాను. వీడియోలో కనపడటం ఆయనకి ఇష్టం లేదన్నారు, సరే అన్నాను. "ఈ కేంపు పేరేంటి బాబాయ్ గారూ?" అంటే "ఏమో అబ్బాయ్, మేం ఎప్పుడూ ఆ పేరుతో పిలవలా" అన్నారు.

మీ వైపు ఇలాంటి సైట్లుంటే కామెంట్‌లో రాయండి. పేరు వద్దు. ఏ ఊరని చెప్పారు, ఏ ఊళ్లో దిగారు, ఆ రెండూ చాలు.